పెరటి పూలకు అర్థాలు ఎక్కడి నుంచి వచ్చాయి

నెల్లూరులోనో ఒంగోలులోనో పూలంగడి ముందు కాసేపు నిలబడి చూడండి. గృహప్రవేశానికి తోరణం కట్టేవాళ్లు బంతిపూలు కొంటారు. చావింటికి వెళ్లేవాళ్లు కూడా అదే గంపలోని బంతిపూలతో దండ కట్టించుకుంటారు. పువ్వు ఒకటే, కట్టే చెయ్యి ఒకటే. ఎర్ర గులాబీ ప్రేమకు, పసుపు గులాబీ స్నేహానికి, తెల్ల లిల్లీ పవిత్రతకు అని ఫోన్లలో తిరిగే జాబితాలు పట్టుకుంటే, ఈ బంతికి ఎదురుగా ఏం రాయాలో ఎవరికీ తోచదు. అవి యూరప్ అలవాట్లలోంచి వచ్చిన జాబితాలు. ఒక పువ్వుకు ఒక మాట అని అంటగట్టే ఆ పద్ధతి మన పెరళ్లకు సరిపడదు.

ఇక్కడ అర్థం వేరే దారిలో పుట్టింది. పువ్వు ఏ వేళ విచ్చుతుంది, ఎన్ని గంటలు నిలుస్తుంది, కోస్తే వస్తుందా తనంతట తాను రాలుతుందా, పశువు మేస్తుందా మేయదా, నీళ్లు పోసేవాళ్లు లేకపోయినా బతుకుతుందా. ఇవన్నీ ఏళ్ల తరబడి చూసినవాళ్లు పువ్వు నడవడికను బట్టి దానికి ఒక చోటు ఇచ్చారు. పురాణ కథలు ఆ చూపుకు రూపం ఇచ్చి, మర్చిపోకుండా నిలబెట్టాయి. కథే ముందు, పువ్వు తర్వాత అని నమ్మేవాళ్లకు ఈ మాట రుచించకపోవచ్చు. కానీ ఒక్కో చెట్టు దగ్గరికీ వెళ్లి చూస్తే ఇదే ఎక్కువ నిజమనిపిస్తుంది.

పారిజాతంతో మొదలుపెడదాం. దీన్నే పగడమల్లె అని కూడా అంటారు. పొద్దు గూకాక విచ్చి, తెల్లారేసరికి చెట్టు కింద పరుచుకుంటుంది. తెల్లని రేకలు, పగడం రంగు కాడ. నేల మీద పడిన పువ్వు పూజకు పనికిరాదన్నది అన్ని ఇళ్లలోనూ ఉన్న నియమం. ఒక్క పారిజాతానికే దాన్నుంచి మినహాయింపు. దేవలోకం నుంచి సత్యభామ కోసం కృష్ణుడు తెచ్చిన చెట్టు కాబట్టి అంత గౌరవం అని కథ చెబుతుంది. చెట్టు పెంచినవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. పారిజాతాన్ని కొమ్మ మీద నుంచి కోయడానికి సరైన వేళంటూ లేదు. రాత్రి విచ్చిన పువ్వు పూజ వేళకు నేల మీదే ఉంటుంది. నియమం మార్చుకోకపోతే పువ్వునే వదులుకోవాలి. మనవాళ్లు నియమాన్నే మార్చుకున్నారు. అందుకే సాయంత్రమే చెట్టు కింద ఊడ్చి, కళ్లాపి చల్లి, కొన్ని ఇళ్లలో పాత పంచె పరిచి ఉంచుతారు. ఎవరూ తుంచకుండా తనను తానే అర్పించుకునే పువ్వు అన్న పేరు దీనికి వచ్చిందంటే, ఆ పేరు ఇచ్చింది దాని నడవడికే.

మందారం దీనికి ఎదురు. పొద్దున విచ్చి సాయంత్రానికి ముడుచుకుపోతుంది. వాసన లేదు. దండ కట్టి రేపటికి దాచుకోవడం కుదరదు. ఎరుపు మాత్రం కళ్లు లాగేస్తుంది. పగటిపూట తిరిగే తేనెపిట్టలకు ఆ రంగే పిలుపు. ఇలాంటి పువ్వు జడలోకి తక్కువ, దేవుడి పటం మీదికి ఎక్కువ. అమ్మవారికీ, వినాయకుడికీ, సూర్యుడికీ ఎర్ర పువ్వు ప్రీతి అంటారు. శక్తికీ, నెత్తుటికీ, ఉదయానికీ గుర్తు ఆ రంగు. నెల్లూరు పక్కన పెన్న ఒడ్డున జొన్నవాడ కామాక్షమ్మ గుడికి శుక్రవారం వెళ్లే ఆడవాళ్ల చేతి సంచుల్లో ఇంటి మందారాలు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. పొద్దున కోసి మధ్యాహ్నం లోపు చేర్చాల్సిన పువ్వు అది.

మల్లె సంగతి తీరిగ్గా చెప్పుకోవాలి. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మల్లెను రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. అంతకుముందు ఉమ్మడి రాష్ట్రానికి కలువ ఉండేది. ఎంపిక సరైనదే, ముఖ్యంగా ఈ తీరానికి. మల్లెకు ఎండ కావాలి, నీరు నిలవని నేల కావాలి. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఇసుక కలిసిన నేలల్లో ఈ రెండూ పుష్కలం. చలికాలంలో కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, కొన్నాళ్లు నీళ్లు ఆపుతారు. ఆ తర్వాత ఎరువు వేసి తడి ఇస్తే ఎండలు ముదిరే కొద్దీ మొగ్గ మీద మొగ్గ తొడుగుతుంది. రోళ్లు పగిలే ఎండల్లో మిగతా చెట్లు వడలిపోతుంటే మల్లె ఒక్కటే విరగబూస్తుంది. పగలంతా ఉడికిపోయి, సాయంత్రం సముద్రపు గాలి తగిలాక మనుషులు తేరుకునే వేళా మల్లె విచ్చే వేళా ఒకటే.

మల్లెను మొగ్గగా ఉన్నప్పుడే కోస్తారు. మధ్యాహ్నం మాల కట్టి, సాయంత్రం జడలో పెట్టుకుంటే రాత్రికి తలలోనే విచ్చుతుంది. తెల్లని రంగు, రాత్రి ఘాటెక్కే వాసన నిజానికి చీకట్లో ఎగిరే చిమ్మటలను పిలవడానికి. కానీ మనిషి జీవితంలో అది పని ముగిసిన వేళకూ, ఇంటికి చేరిన మనిషికీ, కొత్త దంపతుల గదికీ గుర్తయింది. శోభనపు గదిలో మల్లెలు పరచడం వెనక రహస్యమేమీ లేదు. రాత్రికి విచ్చే పువ్వును రాత్రికి వాడుకున్నారు. మల్లె పొద్దున విచ్చే పువ్వయితే మన ప్రేమపాటలన్నిటికీ వేరే పువ్వు వెతుక్కోవాల్సి వచ్చేది.

తామర, కలువల సంగతీ అంతే. పగలు విచ్చేదానికి సూర్యుడు, రాత్రి విచ్చేదానికి చంద్రుడు చెలికాళ్లయ్యారు. బురదలో పుట్టి నీటి చుక్క అంటని ఆకు తామరది. లక్ష్మికి పీఠంగా అంతకంటే తగినది దొరకదు.

శివుడి పూల దగ్గర ఈ చూపు ఇంకా లోతుగా కనిపిస్తుంది. జిల్లేడు, ఉమ్మెత్త, తుమ్మి, గన్నేరు. తుమ్మిని పక్కన పెడితే మిగతా మూడూ విషం ఉన్న మొక్కలు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. ఉమ్మెత్త గింజ మతి తప్పిస్తుంది. గన్నేరు వేరు నుంచి పువ్వు దాకా గుండెకు చేటు చేసేదే. పశువులు వీటి జోలికి పోవు. పడమటి ప్రకాశంలో భైరవకోన వైపో, ఉదయగిరి కొండల కిందో వెళితే దారి పక్కన బీడు నేలల్లో జిల్లేడు, ఉమ్మెత్తలే కనిపిస్తాయి. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్లు పోయరు. హాలాహలం మింగినవాడికి ఊరు వద్దన్న మొక్కలను ఇచ్చారు. దీనివల్ల జరిగిన మేలు ఇంకోటి ఉంది. పెరడు లేనివాడు, పూలు కొనే డబ్బు లేనివాడు కూడా దారి పక్కన నాలుగు తుమ్మిపూలు కోసుకుని గుడికి వెళ్లగలడు. తుమ్మి వాన పడితే చాలు, చేల గట్ల మీద దానంతట అదే మొలుస్తుంది. మన సంప్రదాయంలో ఉన్న నియమాలన్నిట్లో ఇంత ఉదారమైనది అరుదు. దీన్ని గొప్పగా చెప్పుకోవాలి.

అదే శివుడు మొగలిని వద్దన్నాడు. బ్రహ్మ అగ్నిస్తంభం కొస చూశానని అబద్ధమాడితే మొగలిపువ్వు సాక్ష్యం చెప్పిందనీ, అందుకే శాపం తగిలిందనీ కథ. తీరం వెంట ఇసుక నేలల్లో, వాగుల ఒడ్డున పెరిగే ఈ పొద చుట్టూ ముళ్లు, లోపల పాములుంటాయన్న భయం, వాసన మాత్రం తల తిప్పేంత. అంత ఆకర్షణ పక్కనే అంత ప్రమాదం పెట్టుకున్న పువ్వుకు అబద్ధపు సాక్షి వేషం బాగానే కుదిరింది. అయినా ఆడవాళ్లు దాన్ని వదులుకోలేదు. మొగలిరేకులు జడలో పెట్టుకున్నారు, పట్టుచీరల మడతల్లో దాచుకున్నారు. గుళ్లో చోటు పోయినా ఇంట్లో చోటు పోలేదు.

ఇంతవరకూ చెప్పినవి పాత కథలున్న పూలు. ఈ వాదనకు గట్టి రుజువు కథలు లేని పూల దగ్గర దొరుకుతుంది. మనం తాతల నాటివనుకునే పూలలో చాలా భాగం సముద్రం దాటి వచ్చినవే. బంతి పుట్టిల్లు మెక్సికో. పోర్చుగీసు వాళ్ల రాకతో ఈ దేశానికి చేరింది. దేవగన్నేరు, పచ్చగన్నేరు, మనం లిల్లీ అని పిలిచే నేలసంపెంగ కూడా మెక్సికో వైపువే. చంద్రకాంతదీ అమెరికా ఖండమే. కాగితంపూలు దక్షిణ అమెరికావి. బిళ్లగన్నేరు మడగాస్కర్ దీవిది. చామంతి చైనాది. వీటిలో అమెరికా నుంచి వచ్చినవేవీ అయిదు వందల ఏళ్ల కిందట ఇక్కడ లేవు. మరి గుమ్మానికి బంతి తోరణం లేని దసరాను ఈరోజు ఊహించగలమా?

బంతికి ఆ చోటు ఎలా వచ్చిందో దాని గుణాలే చెబుతాయి. కోసిన తర్వాత కూడా త్వరగా వాడదు. ఘాటైన వాసన. రంగు పసుపు, కాషాయం, అంటే అప్పటికే మనకు శుభమైనవి. పైగా పొలంలో దాని పని రైతుకు తెలుసు. బంతి వేళ్ల నుంచి ఊరే రసాయనం మట్టిలోని నులిపురుగులను అణుస్తుంది. మిరప, టమాటా చేలలో బంతి మొక్కలు అక్కడక్కడ నాటితే శనగపచ్చ పురుగు తల్లి వచ్చి దాని మీద గుడ్లు పెడుతుంది, అసలు పంట కొంత తప్పించుకుంటుంది. దీన్నే ఎర పంట అంటారు. చేనుకు కాపలా ఉండే మొక్క గుమ్మానికి కాపలా కావడంలో వింతేముంది? చావింటికి కూడా ఇదే లెక్క. గంటల తరబడి వాడకుండా, ఘాటు వాసనతో నిలిచే పువ్వు అక్కడ కావాలి. బంతి సొంత ఊరైన మెక్సికోలో కూడా చనిపోయిన పెద్దలను తలుచుకునే పండుగకు వాడే పువ్వు ఇదే. అక్కడివాళ్లూ మనవాళ్లూ ఒకరినొకరు అడిగి పెట్టుకున్న ఆచారం కాదది. రెండు చోట్లా పువ్వు నడవడిక ఒకటే కాబట్టి దానికి దొరికిన పనీ ఒకటే అయింది.

దేవగన్నేరు గుళ్ల ఆవరణల్లోకి వచ్చింది కూడా ఇలాగే. ఆకులన్నీ రాలి మోడుగా ఉన్నప్పుడు కూడా కొమ్మ చివర పూలు పూస్తుంది. కొట్టి పక్కన పడేసిన కొమ్మ సైతం పూస్తుంది, పాతితే బతుకుతుంది. చావు తెలియని చెట్టనిపించడానికి ఇంకేం కావాలి? నాగమల్లి దక్షిణ అమెరికా చెట్టు. పువ్వులో లింగం మీద పడగ పట్టినట్టు కనిపించే ఆకారం ఉండటంతో శివాలయంలోకి నేరుగా నడిచి వచ్చేసింది. దాన్ని ఎవరూ ఎక్కడిదని అడగలేదు.

బిళ్లగన్నేరుకు మాత్రం న్యాయం జరగలేదేమో. ఏడాది పొడవునా పూస్తుంది, ఎండకూ ఉప్పు గాలికీ జంకదు. అందుకే సరిహద్దు దాటితే తమిళంలో దాన్ని నిత్యకల్యాణి అంటారు. మన దగ్గర గోడల పగుళ్లలోనూ సమాధుల పక్కనా మొలుస్తుందని చిన్నచూపు. ఆ మొక్కలోంచి తీసిన విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ మందులు రక్త క్యాన్సర్ వంటి జబ్బులకు వాడతారు. పిల్లల ప్రాణాలు నిలబెట్టిన మొక్క అది. గుమ్మం పక్కన కుండీలో పెట్టుకోవడానికి ఆ ఒక్క కారణం చాలు. ఆకు నమిలితే జబ్బు తగ్గుతుందని మాత్రం అనుకోకూడదు, పచ్చిగా అది విషమే.

నేల, వాన కూడా అర్థాలను మారుస్తాయి. నెల్లూరుకు ప్రధాన వర్షం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. సరిగ్గా అప్పుడే చామంతి పూస్తుంది, ఎందుకంటే రాత్రులు పొడవైతేనే అది మొగ్గ వేస్తుంది. ముద్ద చామంతి రేకల మధ్య నీళ్లు నిలిచి కుళ్లిపోవడం, తుపాను పట్టిన వారంలో పూల ధర ఎగిరిపోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. కార్తీకంలో చామంతి పూజకు ఉన్న విలువలో ఆ కష్టం కూడా కలిసి ఉంది. ఇక కనిగిరి, పామూరు, మార్కాపురం వైపు వాన తక్కువ, ఎర్రనేల, తాగే నీటికే ఇబ్బంది, చాలాచోట్ల ఫ్లోరైడ్. అక్కడ పెరట్లో గన్నేరూ నందివర్ధనమూ బతికితే అది మనిషి మోసి పోసిన నీళ్లతోనే. తంగేడుకు ఆ బాధ లేదు, ఎర్రనేల దాని సొంతిల్లు. తెలంగాణలో బతుకమ్మకు తలమానికమైన ఈ పువ్వుకు ఇక్కడ అంత పెద్ద పండుగ దొరకలేదు. సంక్రాంతి గొబ్బెమ్మ మీద గుమ్మడిపువ్వు ఉండాలంటారు, పాదు లేని ఇంట్లో బంతితోనో తంగేడుతోనో సరిపెట్టుకుంటారు.

ఆ గుమ్మడిపువ్వు వెనక ఉన్న తెలివి చూడండి. పాదుకు ముందు పూసేవి, ఎక్కువ పూసేవి మగపూలు. కింద చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు. గొబ్బెమ్మ కోసం పువ్వు కోయమని పిల్లను పంపే అమ్మమ్మ, పిందె ఉన్నది తుంచకే అని చెప్పే పంపుతుంది. పంటకు గుర్తుగా పెట్టే పువ్వు వల్ల పంటకు నష్టం రాకూడదు కదా. ఉగాది పచ్చడిలో వేపపువ్వు కూడా ఆ రోజుకు అందుబాటులో ఉన్న చేదు. వేప సరిగ్గా ఆ రోజుల్లోనే పూస్తుంది. రథసప్తమికి తల మీద పెట్టుకునే ఏడు జిల్లేడాకులకు ఏ వాడా కొరత ఉండదు. పంచాంగం పక్కన పెరటి చెట్లను పెట్టుకుని చదివితే రెండూ ఒకదానికొకటి తోడు పలుకుతాయి.

పువ్వు విడిగా ఉన్నప్పటి అర్థం వేరు, మాలలో చేరాక వేరు. మూర పూలు అంటే మోచేతి నుంచి వేలి కొస దాకా. కొలిచేది అమ్మే ఆమె చెయ్యి కాబట్టి పొట్టి చెయ్యి ఉన్నామె దగ్గర బేరం ఎప్పుడూ కొంచెం గట్టిగానే జరుగుతుంది. కదంబం మాలలో మల్లె వాసనకు, కనకాంబరం రంగుకు, మరువం దవనం పచ్చదనానికి. కనకాంబరానికి వాసన లేదు, కానీ తేలిక, రెండో రోజుకు కూడా నిలుస్తుంది. ఏ పువ్వూ ఒంటరిగా చేయలేని పని నాలుగు కలిసి చేస్తాయి. పూలతో కూడిన నారకు కూడా వాసన అబ్బుతుందన్న సామెత అరటినారతో మాల కట్టిన చేతుల్లోంచే పుట్టి ఉంటుంది.

తలలో పూలు, పసుపు, కుంకుమ, గాజులు, మెట్టెలు అని కలిపి సౌభాగ్యం లెక్కకట్టడం ఈ అర్థాలన్నిట్లో బాధ పెట్టేది. భర్త పోయిన మనిషి తల నుంచి పూలు తీసేయడం ఇప్పటికీ చాలా ఊళ్లలో జరుగుతోంది. కొందరు ఇళ్లలో మానేశారు, ఇంకా చాలామంది మానాలి. పువ్వు నడవడికలో దీనికి ఏ ఆధారమూ లేదు. ఆడపిల్ల నెలల బిడ్డగా ఉన్నప్పుడే నాలుగు వెంట్రుకలు కలిపి పిలక వేసి కనకాంబరాలు పెడతారు. సంక్రాంతికి పూలజడ వేస్తారు. పెళ్లికి ఇరవై ఏళ్ల ముందు నుంచీ ఆమెవైన పూలను పెళ్లి తెచ్చిపెట్టిందనడం, పెళ్లితో పాటు పోవాలనడం అన్యాయం. భర్త పోయిన అత్త, పిన్ని, వదిన తలలో పూలు పెట్టుకుంటానంటే అడ్డు చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఇంట్లో చిన్నవాళ్లే ఒక మూర కొని తెచ్చి ఇవ్వడం మంచి పద్ధతి.

పూలకు మతం అడ్డు పడదన్నది నెల్లూరులో కళ్లారా చూడొచ్చు. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు అన్ని మతాలవాళ్లూ వస్తారు. సమాధుల మీద పరిచే పూల చాదర్లలో గులాబీలు, మల్లెలే. నవంబరు 2న సమాధుల పండుగకు క్రైస్తవ కుటుంబాలు బంతులూ చామంతులూ పట్టుకెళతాయి. ఆ పూలన్నీ దేవుడి గదికి పూలు తెచ్చే అంగడి నుంచే వస్తాయి.

కోత నియమాలను కొందరు మూఢనమ్మకాలని తోసేస్తారు. దీపాలు పెట్టే వేళ పూలు కోయకూడదు, మొగ్గ విరచకూడదు, చెట్టుకున్నవన్నీ దూసేయకూడదు, దేవుడికి పెట్టేది ముందు వాసన చూడకూడదు. వీటిలో మొదటి మూడూ చెట్టునో, కోసేవాళ్లనో కాపాడేవే. చీకట్లో పాము భయం, కొమ్మ విరిగే భయం, రాత్రి పురుగులకు కావాల్సిన పుప్పొడి, తేనె. మల్లె మొగ్గకు మాత్రం మొగ్గ నియమం వర్తించదు, దాన్ని మొగ్గగానే కోయాలి. నియమం పెట్టినవాళ్లకు ఏ పువ్వుకు ఏది సరిపడుతుందో తెలుసనడానికి ఇదొక గుర్తు. తిరుమల కొండ మీద భక్తులు తలలో పూలు పెట్టుకోకపోవడం వేరే సంగతి. కొండ మీద పూసిన పూలన్నీ స్వామివే అన్న భావం అది. తిరుమల ప్రయాణం ఇంటి పనంత మామూలైన నెల్లూరు ఆడవాళ్లు ఇప్పటికీ దాన్ని తప్పకుండా పాటిస్తారు.

ఈమధ్య మిద్దెతోటల్లో కొత్త మొక్కలు చాలా వచ్చాయి. వాటిలో అడీనియంను ఏం చేయాలన్న సందేహం పూజ చేసే ఇళ్లలో వినిపిస్తుంటుంది. ఆఫ్రికా, అరేబియా ఎడారుల నుంచి వచ్చిన మొక్క. దేవుడికి పెట్టొచ్చా అని అడిగితే శాస్త్రంలో పేరు లేదని ఒకరు, పువ్వైతే చాలని ఇంకొకరు. ఇప్పటిదాకా కొత్త పూలు ఇళ్లలోకి వచ్చిన తీరును బట్టి చూస్తే దీనికి జవాబు కష్టం కాదు. అడీనియం గన్నేరు కుటుంబానిదే. తుంచితే పాలు కారతాయి, ఆ పాలు విషం. నీళ్లు మర్చిపోయినా బతుకుతుంది, మండుటెండలో పూస్తుంది. మేకపిల్ల కూడా ముట్టదు. బంతికి గుమ్మం దొరికిన పద్ధతే దీనికీ వర్తిస్తే, ఒకటి రెండు తరాల్లో ఇది చేరేది శివుడి దగ్గరికే, జిల్లేడు, గన్నేరు పక్కకే. జడలోకి మాత్రం రాదు, వాసన లేదు, కాడ మాలకు వంగదు. పిల్లలున్న ఇంట్లో కుండీని చేతికందని ఎత్తులో పెట్టాలి, కోశాక చేతులు కడుక్కోవాలి.